అరువుకెళ్లిన పందిరిమంచం

నేను ఒక పందిరిమంచాన్ని. ముసలిదాన్నే గానీ, నా కోళ్లు ఇంకా ఊగవు. నన్ను చూసినవాళ్లు ముందు నా తలవైపు చెక్కిన చిలకలను మెచ్చుకుంటారు. ఆ తర్వాత, అమ్మితే ఎంతొస్తుందోనని గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. మనుషుల మెచ్చుకోలు ఎప్పుడూ ఈ వరసలోనే నడుస్తుంది.

పాలకొల్లులో ఒక వడ్రంగి వర్షాకాలమంతా కూర్చుని నన్ను టేకుతో చేశాడు. చేయించినాయన తన కూతురికిచ్చాడు. ఆ కూతురు నా మీదే తన బిడ్డ భ్రమరాంబను జోకొట్టింది. తల్లి పోయాక నేను భ్రమరాంబ ఇంటికి చేరాను.

కొన్నేళ్లకు భ్రమరాంబ భర్త పోయాడు. మొగుడు పోయిన ఆడదానికి పందిరిమంచం దేనికని బంధువులంతా ఒకటే బెంగపడ్డారు. ఆవిడకూ నడుము ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. ఆ బెంగ తీర్చడానికి ఆవిడ బావగారు చిదంబరం స్వయంగా బయలుదేరి వచ్చాడు.

"మా అబ్బాయి విశ్వపతి శోభనానికమ్మా. మూడు రాత్రులే. నాలుగో రోజు పొద్దున్నే బండెక్కించేస్తాను" అన్నాడు.

ఆ నాలుగో రోజు రావడానికి ఇరవై ఏళ్లకు పైనే పట్టింది. మొదట్లో బండి దొరకలేదు. బండి దొరికేసరికి దారి బురదయింది. దారి మీద తారు పోసేసరికి, విప్పితే నేను మళ్లీ బిగుసుకోనని ఆయనకు భయం పట్టుకుంది. పెళ్లికొడుక్కి పిల్లలు పుట్టి, ఆ పిల్లలకు మీసాలొచ్చాయి. నేను మెల్లగా కొడుకు గదిలోంచి తండ్రి గదిలోకి మారాను. భ్రమరాంబ తన ఇంట్లో చాప మీద పడుకుని, పొద్దున్నే గోడ పట్టుకుని లేచేది. ఎప్పుడైనా వచ్చి అడిగితే, "నా ఇంట్లో ఉంటే నీ ఇంట్లో ఉన్నట్టు కాదుటమ్మా?" అనేవాడు చిదంబరం. నా మీద పడుకునే అనేవాడు.

చివరికి ఆయనా పోయాడు. మంచం మీద ప్రాణం పోకూడదని ఆఖరి ఘడియలో ఆయన్ని చాప మీదికి దించారు. ఆ కాసేపైనా చాప రుచి చూసి వెళ్లాడు.

భ్రమరాంబ వచ్చి పది రోజులూ ఆ ఇంట్లో వండి పెట్టింది. చావింట్లో మంచం గురించి ఎత్తడం మర్యాద కాదని నోరు కట్టుకుంది. కర్మంతా అయ్యాక మెల్లగా అడుగుదామనుకుంది. మర్యాదస్తులకు జరగాల్సిందే ఆవిడకూ జరిగింది. పదకొండో రోజు పొద్దున్న పెరట్లోకి వచ్చేసరికి, నన్ను బయట వేసి, నా మీద కొత్త దుప్పటి పరిచి, గొడుగు, చెప్పులు, విసనకర్ర పెట్టేశారు. శయ్యాదానం. పురోహితుడు సోమయాజులు గారు నా మీద కూర్చుని దానం పట్టగానే నేను ఆయన సొత్తు. నా సుఖం మాత్రం పైలోకంలో చిదంబరానికి అందుతుందట. ఇరవై ఏళ్లు అందింది చాల్లేదు కాబోలు.

"ఒరే విశ్వపతీ, అది మా అమ్మ మంచంరా."

"నాన్నగారికి దీని మీద ప్రాణం పిన్నీ. ఆయనకి లోటు చెయ్యమంటావా?"

కోడలు హైమవతి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పోయినాయన వీపు కిందనుంచి లాగేస్తారా చిన్నత్తయ్యగారూ?"

"బతికుండగా అడిగితే దాని మీద ఆయనున్నాడన్నారు. ఇప్పుడడిగితే పోయాడంటున్నారు. ఈ రెండింటి మధ్యా ఎప్పుడడగాలో చెప్పవే తల్లీ" అంది భ్రమరాంబ.

బంధువులు చెవులు కొరుక్కున్నారు. ముసలిదానికి ఆశ చావలేదన్నారు. సోమయాజులు గారు మాత్రం నా పొడవూ వెడల్పూ చూసి దిగులుగా నిలబడ్డాడు. ఆయనది రెండు గదుల ఇల్లు, అందులో రెండు కాపురాలు. "మడత మంచమైతే..." అని గొణిగాడు. మడత మంచం కొనాలి, నేనైతే ఊరికే వచ్చాను. తండ్రి మీద భక్తి ఎక్కువైన విశ్వపతి ఆ మాట వినిపించుకోలేదు.

భ్రమరాంబ గొడుగూ చెప్పులూ తీసి పక్కన పెట్టింది. పట్టె పట్టుకుని, మోకాలు ఎత్తలేక ఎత్తి, నా మీదికి ఎక్కి పడుకుంది.

పెరడంతా గొల్లుమంది.

"పిన్నీ, దిగు! చచ్చినవాళ్ల పక్క అది! అరిష్టం!"

"మా అమ్మ పక్కరా ఇది. కానీండి, మంత్రాలు కానీండి. నన్నూ కలిపి ధారపోసెయ్యండి. సోమయాజులు గారూ, మీ ఇంట్లో నాకింత ముద్ద పెడతారుగా?"

"నాకొద్దు తల్లోయ్!" అన్నాడాయన రెండడుగులు వెనక్కి గెంతి. వెంటనే గొంతు సవరించుకుని, పోయినాయన కాక వేరొకరు పడుకున్న శయ్య దానానికి పనికిరాదనీ, కొత్త మడత మంచమే శ్రేష్ఠమనీ తేల్చాడు. శాస్త్రం ఒక ఆడదాని పక్షాన అంత తొందరగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

మడత మంచం వచ్చింది. అంత కాయం ఉన్న చిదంబరం ఇప్పుడు పైలోకంలో దాని మీద ఎలా సర్దుకున్నాడో నాకు తెలియదు. నన్ను ఎక్కించడానికి ట్రాక్టరు వచ్చేదాకా భ్రమరాంబ దిగలేదు. అది గంటలోపే వచ్చింది.

ఇంటికి చేరాక నన్ను బిగించారు. బ్రహ్మాండంగా బిగుసుకున్నాను. మధ్యాహ్నం భోజనం చేసి ఆవిడ నా మీద పడుకుంది, ఒక అంచున, ముడుచుకుని. పక్కన ఇంకెవరో వచ్చి పడుకుంటారేమో, వాళ్లకు ఇరుకవుతుందేమో అన్నట్టు. తల్లి పక్కలోనూ, మొగుడి పక్కలోనూ ఆవిడ పడుకున్నది ఆ అంచునే. వారం పాటు అక్కడే పడుకుంది.

నిన్న పక్కింటావిడ వచ్చి, చచ్చినాయన పడుకున్న మంచం మీద నిద్రెలా పడుతోందని అడిగి వెళ్లింది. భ్రమరాంబ తలుపేసుకుని వచ్చి, కాసేపు నన్ను చూస్తూ నిలబడింది. తర్వాత ఎక్కి, జరుగుతూ జరుగుతూ సరిగ్గా నా నడిమధ్యకు వచ్చింది. కాళ్లూ చేతులూ బార్లా చాపింది.

నాకు తెలిసి నా మధ్యలో ఒంటరిగా పడుకున్న మొదటి ఆడది ఆవిడే. గురక కూడా పెట్టింది.