బావ హారన్

"ఏమైనా మార్చుకో తమ్ముడూ, ఆ హారన్ జోలికి మాత్రం పోకు," అంది అక్క.

బావ పోయి ఏడాదైంది. ఆయన పాత ట్రాక్టర్ ఆరు వోల్టులది. చలికాలం పొద్దున్నే అది స్టార్ట్ కావాలంటే దేవుడు దిగి రావాలి. అందుకే మెకానిక్ తమ్ముడు దాన్ని పన్నెండు వోల్టులకు మార్చే పని పెట్టుకున్నాడు. కొత్త బ్యాటరీ పెట్టాడు, డైనమో తీసేసి ఆల్టర్నేటర్ బిగించాడు, బల్బులన్నీ మార్చాడు. హారన్‌ను మాత్రం, మాటిచ్చినట్టే, వేలితో కూడా తాకలేదు.

"మీ బావ గొంతు కన్నా అదే నయం," అనేది అక్క అప్పట్లో. ఆ బొంగురు మోత గేటు దగ్గర వినబడితే చాలు, పొయ్యి మీద ఏమున్నా వదిలేసి పరుగెత్తేది.

తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. తమ్ముడు ఉబ్బితబ్బిబ్బై బండిని గేటు దాకా తెచ్చి, అచ్చం బావలాగే హారన్ నొక్కాడు. అది కీచుమంది. అక్క రాలేదు. ఈసారి ఇంకాసేపు నొక్కిపట్టాడు. కీచు చప్పుడు టక్కున ఆగి, కాలిన వాసన వచ్చింది.

అప్పుడు గానీ అతనికి వెలగలేదు. ఆరు వోల్టుల హారన్‌కు పన్నెండు వోల్టులు ఎక్కించాడు. దాని వైరు మధ్యలో వోల్టేజీ తగ్గించే చిన్న రెసిస్టర్ ఒకటి పెట్టి ఉంటే ఆ గొంతు అలాగే ఉండేది. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నవాడు, జోలికి పోవద్దంటే నిజంగానే పోకుండా ఊరుకున్నాడు.

అక్క తీరిగ్గా చేతులు తుడుచుకుంటూ వచ్చి గేటు తీసింది.

"నువ్వా? ఎవరిదో బండి అనుకున్నానురా. ఏదీ, మన హారన్ ఒకసారి కొట్టు."

తమ్ముడు తల దించుకుని ఇంజిన్ ఆపేశాడు.