మూడు వందల పద్దెనిమిదో నంబరు ఇల్లు

మా కంపెనీ కొంటానని వచ్చిన పెద్ద కంపెనీ మేనేజరు మర్యాదస్తుడే. ఆఫీసులో ఉన్న రెండు కుర్చీల్లో విరగనిది చూసుకుని కూర్చున్నాడు.

"నాలుగు వందల ఇళ్లకు నెట్ ఇస్తున్నారు. మీ దగ్గరున్న అడ్రసులు ఎనిమిది. ఎన్నాళ్లు లాగుతారమ్మా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అతను చెప్పింది నిజం కాబట్టే మండింది.

నెట్‌లోకి వెళ్లాలంటే ప్రతి ఇంటికీ అంకెల అడ్రసొకటి కావాలి. పాతరకం అడ్రసులు ఎప్పుడో అయిపోయాయి. ఉన్నవాళ్లు అద్దెకిస్తారు, ఆ అద్దె మాలాంటి చిన్నవాళ్లకు అందదు. అందుకే ఒక్కో అడ్రసు వెనక యాభై ఇళ్లను ఇరికించాం. ఆ యాభైలో ఒకడు వెధవపని చేస్తే వెబ్‌సైటు అందరి మొహాన తలుపేస్తుంది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటే ఇదే.

ఆ నెల అలా దెబ్బతిన్నది 318 నంబరింటి లెక్కల టీచరు. నెట్‌లో పాఠాలు చెప్పుకునే మనిషి. మూడుసార్లు పాఠం మధ్యలోనే ఆ పాఠాల సైటు ఆవిణ్ణి బయటికి తోసేసింది.

"సోమవారం నుంచి కొత్త బ్యాచ్. అప్పటికి బాగవకపోతే ఆ పెద్ద కంపెనీ కనెక్షన్ పెట్టించుకుంటా. ఏమనుకోకమ్మా" అంది. ఆవిడ మాటంటే ఆ వీధికి వేదం. ఆవిడ పోతే వీధి పోతుంది, వీధి పోతే మేనేజరు కాగితాల మీద సంతకం పెట్టడమే మిగులుతుంది.

కొత్తరకం అడ్రసులు ఎంత పంచినా తరగవు, ఇంటికొకటి సొంతంగా ఇవ్వొచ్చు. కానీ వాటికి ఆఫీసులో కొత్త మిషను కావాలి, సగం ఇళ్లలో రూటర్లు మార్చాలి. పోనీ పాతవి వదిలేద్దామంటే, సగం వెబ్‌సైట్లకు ఇంకా కొత్తవి తెలియవు; టీచరు పాఠాల సైటుకి తెలుసు, అదే నయం. రెండూ పక్కపక్కనే నడపాలి. చేసేదెవరు? నేనూ, ఇరవై ఏళ్లుగా స్తంభాలెక్కుతున్న మా మావయ్యా.

కొత్త అడ్రసు చూపిస్తే మావయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇది అడ్రసా, మంత్రమా? నోరు తిరగట్లేదు."

"అమ్మేద్దామా మరి?"

"అమ్మేస్తే రేపట్నించి ఎవరి స్తంభం ఎక్కను? అంత పొడుగుందిగా, చివర్లో ఇంటి నంబరే పెట్టెయ్. ఇళ్ల నంబర్లు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తా."

ఏ ఇంటికి ఏ అడ్రసివ్వాలో రెండు రాత్రులు పుస్తకాలు తిరగేసి నేను తేల్చుకోలేనిది మావయ్య టీ తాగుతూ తేల్చేశాడు. సెకండ్‌హ్యాండ్ మిషను తెచ్చాం. రూటర్లకు నా జీతమే పెట్టాను. ఇప్పుడది జనం గోడలకు వేలాడుతోంది. "నెట్ వస్తోందిగా, మళ్లీ ఇదెందుకు?" అని పైగా నన్నే దెప్పారు.

ఆదివారం ఆ వీధి మొదలుపెట్టాం. మావయ్య ఇంటింటికీ కాగితం మీద నంబరు రాసిచ్చాడు, నేను మిషన్లో ఎక్కించాను. మధ్యాహ్నానికి అన్ని ఇళ్లూ కొత్త అడ్రసులో పలికాయి, టీచరిల్లూ అదే వీధిలోని 64 నంబరు మంగలిషాపూ తప్ప. మా ఊళ్లో నంబర్లు వీధి వరసలో కాదు, కట్టిన వరసలో వచ్చినవి. ఒకటి వస్తే ఒకటి పోతుంది. వైర్లు మార్చాను, మిషను తిట్టాను, సాయంత్రానికి ఏడుపొక్కటే తక్కువ. చివరికి మావయ్య కాగితం మళ్లీ చూశాను. టీచరిల్లు అని రాసినదాని పక్కన 64 అని ఉంది. మంగలిషాపుకీ అదే.

"318కి 64 ఏంటి మావయ్యా?"

"254 దాటితే మళ్లీ ఒకటి నుంచేగా? 318లో 254 పోతే 64" అన్నాడు, ఏమీ తెలియనిదానివన్నట్టు చూస్తూ.

పాతరకంలో ఆ ఎనిమిది అడ్రసుల వెనకున్న ఇళ్లకు మేమే లోపలి నంబర్లు పెట్టుకునేవాళ్లం, ఒక గుంపుకి 254 మించి పట్టవు. అది దాటితే వేరే గుంపు, మళ్లీ ఒకటి. ఇరవై ఏళ్లు ఆ లెక్కలో బతికిన మనిషి, చెయ్యి అక్కడే ఆగింది.

"ఇక్కడ ఆ హద్దు లేదు మావయ్యా. ఉన్న నంబరు ఉన్నట్టే రాయి."

"నిజంగానా?"

"నిజంగానే."

64 కొట్టేసి, కాగితం చిరిగేంత గట్టిగా 318 అని రాశాడు. ఆ నంబరు మిషన్లో ఎక్కించగానే రెండిళ్లూ పలికాయి.

సోమవారం టీచరు ఫోన్ చేయలేదు. మా వ్యాపారంలో ఫోన్ రాకపోవడమే మెచ్చుకోలు.

మంగళవారం మేనేజరు కాగితాలతో దిగాడు.

"మీవాళ్లు టీచరుగారి వీధికి కొత్త అడ్రసులు ఎప్పుడిస్తున్నారండీ?" అని అడిగాడు మావయ్య.

"అదీ... వచ్చే ఏడాది ప్లాన్‌లో ఉంది."

"మేం మొన్న ఇచ్చాం."

మేనేజరు నా వైపు తిరిగాడు. "ఒక్క వీధికేగా? ఇంకా మూడు వందల అరవై ఇళ్లున్నాయి. మీ ఇద్దరి వల్ల కాదమ్మా."

నాకు భయం లేదంటే అబద్ధం. తర్వాతి వీధి రూటర్లకు డబ్బెక్కడిదో నాకే తెలియదు. అయినా కాగితాలు మడిచి అతని చేతిలోనే పెట్టాను.

"అవుతుందో కాదో నిచ్చెన దిగాక చెప్తాం" అన్నాను.

మావయ్య అప్పటికే నిచ్చెన ఒక కొస ఎత్తి నిలబడ్డాడు. నేను రెండో కొస పట్టుకున్నాను.