గంటె ముట్టని పులుసు

చంద్రవ్వ నోట "తింట" అనే మాట వచ్చి ఇరవై రెండు రోజులైంది. జ్వరం వచ్చింది, బోధన్ ఆసుపత్రిలో ఆరు రోజులు పడుకోబెట్టింది, ఎలాగో పోయింది. పోతూ పోతూ ఆమె ఆకలిని కూడా మూటగట్టుకుని పోయింది. గంజి ఇస్తే రెండు చెంచాలు, జొన్న గటక ఇస్తే ఒక్క చెంచా, ఆపైన మొహం గోడవైపు. నోటితో తినకపోతే మళ్లీ తీసుకొచ్చి సెలైన్లు ఎక్కించాల్సిందేనని డాక్టరు మొన్ననే చెప్పాడు. ఆమె భర్త సిద్దిరాములుకు అసలు భయం ఆ సెలైన్ల గురించి కాదు. "రేపేం వండమంటవే?" అని అడిగితే ఆమె "రేపటి ముచ్చట నాకెందుకు" అంటోంది. ఆ జవాబు విన్న ప్రతిసారీ ఆయన బయటికెళ్లి కాసేపు అరుగు మీద కూర్చుని వచ్చేవాడు.

అలాంటి మనిషి మిరుగు ముందురోజు సాయంత్రం, ఎవరూ అడగకుండానే నోరు విప్పింది.

"పరకల పులుసైతే నాలుగు బుక్కలు తింటనేమో. నిండు పరకలు. ఇరగకుండ వండాలె."

మిరుగంటే మృగశిర కార్తె మొదటిరోజు. ఆనాడు పరకల్లాంటి చిన్నవో పెద్దవో, ఏదో ఒక చేప తినని ఇల్లు ఆ వైపు దాదాపు ఉండదు. అడగడమైతే సమయానికే అడిగింది. కానీ వండేదెవరు? కూతురు సుకన్య పది రోజులు తల్లి దగ్గరుండి, పిల్లల బళ్లు తెరుస్తున్నారని నిన్ననే వర్నికి వెళ్లిపోయింది. ఇంట్లో మిగిలింది సిద్దిరాములు ఒక్కడే. నలభై ఏళ్ల కాపురంలో ఆయన పొయ్యి దగ్గరికి వచ్చింది బీడీ ముట్టించుకోవడానికే.

అలాగని వంట రానివాడని కొట్టిపారేయడానికి లేదు. ఆయన వండినంత మరొకరు వండి ఉండరు, కాకపోతే అదంతా బెల్లం. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ కొంత చెరుకు అక్కడికి పంపి కొంత తన బట్టీలో వండేవాడు. అది మూతపడ్డాక చుట్టుపక్కల నాలుగూళ్ల చెరుకు ఆయన కడాయిలోకే వచ్చింది. ముప్పై చలికాలాలు ఆ కడాయి ముందు తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. రసం చిక్కబడి బుడగలు బద్ధకంగా లేవడం మొదలయ్యాక చేయి ఆగకూడదు. ఆగితే అడుగంటుతుంది, కడాయి కడాయంతా నల్లబడుతుంది. పాకాన్ని నీళ్లలో వేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ఇదిగో అయింది అనేవాడు. ఆయన చేతి బెల్లంలో చెరుకు పీచు చూపించినవాడికి బుట్ట బెల్లం ఉచితమని సంతలో సవాలు విసిరేవాడు. ఒక్క బుట్ట కూడా అలా పోలేదు. రెండేళ్ల కింద మోకాళ్లు మొరాయిస్తే బట్టీ మానేశాడు.

ఇలాంటి మనిషికి పిడికెడు చేపల పులుసు ఒక లెక్కా అనుకున్నాడు. అనుకోవడం ఆయన హక్కు.

మిరుగు నాడు పొద్దున్నే చేపల బజారుకు పోయాడు. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఒకపక్క తెలుగు, ఒకపక్క ఉర్దూ, మధ్యలో సరిహద్దు దాటి వచ్చిన వాళ్ల మరాఠీ, అన్నీ కలిసి ఒకే బేరంలా వినిపిస్తోంది. ఎన్నో ఏళ్లుగా వాళ్లింటికి చేపలమ్మే గోదావరి ఆయన్ను చూసి చేయి ఊపింది.

"కాకా, నువ్వొచ్చినవేంది? చంద్రవ్వకు ఎట్లున్నది?"

"పరకలు తింట అన్నది. ఇయ్యి."

"కొర్రమట్ట కొనుకపోరాదు? ముండ్లు తక్వుంటయి. బీమారు మనిషి గద."

"ఆమె అడిగింది పరకలు. నిండుగ వండుమన్నది."

"ఎవరు వండుతరు?"

"ఎవరేంది? నేనే."

గోదావరి నవ్వాపుకుంటూ అరచేతంత పొడవున్న పరకలు పన్నెండు ఏరి ఇచ్చింది. అన్నీ మంజీర చేపలే, ఇంకా మిలమిలలాడుతున్నాయి. "గంటె ముట్టియ్యకు కాకా" అని వెనక నుంచి అరిచింది కూడా. ఆయన అప్పటికే గుంపులోంచి బయటపడ్డాడు.

ఇంటికొచ్చి చంద్రవ్వ మంచాన్ని వంటింటి గుమ్మం దాకా లాగాడు. పడుకున్నచోటి నుంచే ఆమె చెబుతుంటే ఈయన చేశాడు. పరకల్ని బండమీద రుద్ది పొలుసు తీశాడు, పొట్ట చీల్చి కడిగాడు, ఉప్పూ పసుపూ పట్టించాడు. తలలు తీయబోతే "తలకాయలు తీస్తే నిండు పరకలెట్లయితయి" అని మంచం మీంచి కసిరింది. ఉల్లిగడ్డలు మంట మీద కాల్చి, ఎల్లిపాయ వేసి నూరాడు. మెంతులూ జీలకర్రా వేయించి పొడి కొట్టాడు. చింతపండు పిసుకుతుంటే మాత్రం ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. పీచు, గింజ, తొక్క అన్నీ ఆయన వేళ్లకు వాటంతటవే దొరికాయి.

తాలింపు ఘాటుకు గోడ అవతలి చెంచులక్ష్మి తల బయటపెట్టింది. వాళ్ల తాతలు నిజాంసాగర్ కాలువ నీళ్లు చూసి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. మాట మాత్రం ఇంకా అక్కడిదే.

"అన్నయ్యగారూ, నేనొచ్చి చేసిపెడతానండి. మీకెందుకీ తిప్పలు? కాస్త బెల్లం ముక్క వేస్తే పులుసు ఎంత బాగుంటుందో!"

"నీకు పుణ్యముంటది చెల్లే, నేనే చేస్త" అన్నాడు సిద్దిరాములు. ఆమె నన్ను అడిగింది, నా చేతులతోనే పెట్టాలి, అని ఆయన పంతం.

మంచం మీంచి సన్నగా గొంతు వినబడింది. "బెల్లపాయనతోని నలభై ఏండ్లు ఏగిన చెల్లే. పులుసుల గూడ బెల్లమేనా?"

చెంచులక్ష్మి నవ్వుకుంటూ లోపలికి పోయింది.

మట్టిచట్టిలో చింతపండు రసం తెర్లి మరుగుతుంటే పరకల్ని ఒక్కొక్కటే, తల ఒకవైపు తోక ఒకవైపు వచ్చేలా పేర్చాడు. చూడ్డానికే ముచ్చటగా ఉంది.

"ఇగ ఇను" అంది చంద్రవ్వ. "గంటె పెట్టద్దు. పెడితె ఇరుగుతయి. గుడ్డతోని చట్టి అంచులు పట్టుకో, గిట్ల, మెల్లగ తిప్పు." రెండు చేతులూ గాల్లోకి లేపి తిప్పి చూపించింది. సిద్దిరాములు గంటెను తీసి అటక మీద పడేశాడు, దాని మొహమే చూడనన్నట్టు.

రెండుసార్లు చెప్పినట్టే తిప్పాడు. అంతా బాగానే ఉంది. ఈలోగా చంద్రవ్వకు కునుకు పట్టింది. బయట వాన మొదలైంది. పొయ్యి సెగ మొహానికి హాయిగా తగులుతోంది. పులుసు చిక్కబడింది. బుడగలు చిన్నవి పోయి పెద్దవి లేచాయి, ఒక్కొక్కటే బద్ధకంగా పగులుతున్నాయి. అవి ముప్పై ఏళ్లు చూసిన బుడగలు. అవి లేచాక చేయి ఆగకూడదు. ఆయన కళ్లముందు ఇప్పుడు చట్టి లేదు, కడాయి ఉంది. పక్కనే అన్నం కలిపే చెక్క తెడ్డు కనబడితే చేయి దానంతటదే అందుకుంది. అడుగుదాకా దించి, కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి, నింపాదిగా, పద్ధతిగా తిప్పాడు. ఎంత బాగా తిప్పాడంటే, అడుగున చుక్క కూడా అంటలేదు.

ఒక తోక ఒంటరిగా పైకి తేలేదాకా ఆయనకు మెలకువ రాలేదు. దాని వెనకే ఒక తల వచ్చి ఆయన వైపు చూసింది.

తెడ్డు వదిలేశాడు. గుడ్డతో చట్టి అటూ ఇటూ వంచి వెతికాడు. పన్నెండింట్లో ఒక్కటైనా నిండుగా లేదు. బజారుకు పోదామంటే మధ్యాహ్నం దాటింది, మిరుగు నాడు ఈపాటికి పొలుసు కూడా మిగలదు. ఇరవై రెండు రోజుల తర్వాత ఆమె అడిగింది ఒకే ఒక్కటి. అది కూడా చేసిపెట్టలేకపోయానని సిద్దిరాములుకు ఏడుపొచ్చింది. పొయ్యి పొగ అనుకోవడానికి అది గ్యాసు పొయ్యి.

"అయ్యిందా? వాసనొస్తున్నది" అంది చంద్రవ్వ కళ్లు తెరిచి.

దాచి లాభం లేదని చట్టిని అలాగే తెచ్చి మంచం దగ్గర పెట్టాడు. ఆమె మోచేతి మీద లేచి లోపలికి చూసింది.

"తిప్పినవా?"

"చెయ్యి ఆగలే" అన్నాడు తల వంచుకుని. "బెల్లమనుకున్న."

చంద్రవ్వ కాసేపు ఆయన్నీ చట్టినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వింది.

"గింతదానికి ఏడుస్తున్నవా? నేను వండితె ఇరగలేదనుకున్నవా ఏంది? ఎన్ని ఇరిగినయో! ఇరిగినయి నా పల్లెంల ఏసుకున్న, నిండుగున్నయి నీకు పెట్టిన. అందుకే గద, ఒక్కసారన్న నిండుది తిందామనుకున్న."

నలభై మిరుగులు సిద్దిరాములు ఆమె పక్కనే కూర్చుని తిన్నాడు. నిండు పరకలు తిని, తలకాయలు చీకి, బాగుందన్నాడు. ఆమె పళ్లెంలోకి ఒక్కనాడు తొంగి చూసిన గుర్తు లేదు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

చంద్రవ్వ నవ్వు అయిపోయింది. పక్క మీదికి ఒరిగింది. "ఇప్పుడు ముండ్లన్ని కలిసిపోయినయి. ఏరుకునే ఓపిక నాకు లేదు. తియ్యి, నువ్వు తిను." మొహం గోడవైపు తిరగడం మొదలైంది.

"ఆగు" అన్నాడు సిద్దిరాములు.

గట్టిగానే అన్నాడు. చేతులు కడుక్కొచ్చి, పళ్లెంలో వేడి అన్నం పెట్టి, అటక మీది గంటె దించి పక్కన రెండు గంటెల పులుసు పోసుకుని మంచం పట్టె మీద కూర్చున్నాడు. చేప కండను చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. ముల్లు తగిలింది, తీసి పళ్లెం అంచున పెట్టాడు. మళ్లీ నలిపాడు. వెంట్రుకంత సన్నది ఇంకోటి. కళ్లు అక్కర్లేదు, అసలు ఆయన చూడటమే లేదు. బట్టీలో పాకం నలిపినట్టే, తొందరపడకుండా, వేళ్లకు తగిలేది ఏమీ లేదని రూఢి అయ్యేదాకా నలిపాడు. పళ్లెం అంచున ముళ్లు వరసకట్టాయి. ఒక్క ముద్దకు చాలినంత కండ తేలేసరికి వాన వెలిసింది.

ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాడు. చంద్రవ్వ ఆ ముళ్ల వరసను చూసింది, నోరు తెరిచింది. మెల్లగా నమిలింది. సిద్దిరాములు ఆమె దవడల వంకే చూస్తున్నాడు.

"ఉప్పు తక్వయింది" అంది.

ఇరవై రెండు రోజులుగా ఆమెకు ఉప్పూ చప్పనా తేడా తెలియలేదు. ఆ వంక విని ఆయన ఎంత పొంగిపోయాడంటే, పరుగెత్తబోయి మోకాలు గుర్తొచ్చి నడిచి వెళ్లి ఉప్పు తెచ్చాడు. రెండో ముద్ద పెట్టాడు. మూడోది, నాలుగోది. నాలుగు బుక్కలన్న మనిషి ఆరు తింది. ఒక్క ముల్లు తగల్లేదు. మధ్యలో ఒక ముద్ద ఆయన నోటి వైపు తోసి, "నువ్వు గూడ తిను, ఇరిగినయి ఎట్లుంటయో సూడు" అంది.

తిన్నాడు. బాగుంది. పులుసంతా లోపలికి ఇంకి, నిండు పరకల కంటే బాగుంది. ఇన్నేళ్లూ ఇది నువ్వొక్కదానివే తిన్నావా అని నవ్వుతూ అడగబోయి, ఆ మాటను ముద్దతో పాటే మింగేశాడు.

ఆకలి అప్పుడు గుర్తొచ్చి ఆయన తన పళ్లెంలోకి మరో గంటె పులుసు పోసుకోబోతుంటే, చంద్రవ్వ ఆయన చేయి పట్టుకుంది.

"అంత ఒడగొట్టకు. ఒక్కపూట నిలవుంటెనే పులుసుకు రుసి. నాకు రేపు పొద్దుగాలకు దాయి."

సిద్దిరాములు గంటె దించేశాడు. చట్టిని మళ్లీ ఒకసారి తెర్లించి, చల్లారాక మూత పెట్టి, పిల్లి ముట్టకుండా దాని మీద ఒక రాయి పెట్టాడు. వంటింట్లోంచి వెళ్లబోయి వెనక్కి వచ్చి ఇంకో రాయి పెట్టాడు.