మసి కాగితం మీద ఈనిడ్ నొప్పి

ఈనిడ్ క్రుక్స్‌కు నెలకు రెండు రోజులు నరకం. పొత్తికడుపులో ఎవరో తడిబట్ట పిండినట్టు మెలిపెట్టేది. వీధి చివరి డాక్టరు చెయ్యి పట్టుకుని కూడా చూడకుండా "నరాల బలహీనత, పెళ్లయితే అదే పోతుంది" అనేశాడు. అమ్మ కూడా ఆ మాటే పట్టుకుంది. ఈనిడ్ నోరు మూసుకుని పనికి వెళ్లేది.

ఆమె పని షెఫీల్డ్‌లో, డాక్టర్ ఒలెరెన్‌షా ప్రయోగశాలలో. గోరువెచ్చని ఉప్పునీళ్లలో కండరం పోగును వేలాడదీసి మందు చుక్క వేస్తుంది. పోగు ముడుచుకుంటే దానికి కట్టిన సన్నటి పుల్ల లేచి, మసి పట్టించిన కాగితం మీద తెల్లటి గీత గీస్తుంది.

ఆ చలికాలం ఒలెరెన్‌షాకు ఒక అనుమానం వచ్చింది. నెల నెలా రాలిపోయే గర్భసంచి లోపలి పొరే, కండరాన్ని పిండే పదార్థమేదో తయారుచేసి వదులుతోందేమోనని. తేల్చుకోవాలంటే ఆడవాళ్ల నుంచి నమూనాలు కావాలి. అడగడానికి ఆయనకు నోరు రాలేదు. ఈనిడ్ ముందు నిలబడి కళ్లజోడు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"మనకి కొన్ని... అంటే, స్త్రీల దగ్గర్నుంచి..."

గాజు సామాను కడుగుతున్న మిసెస్ బ్యాగ్‌షా వెనక్కి తిరిగింది. "ముట్టు రక్తమేనా సార్? ఆ మాటనడానికి ఇంతసేపా! నాకెప్పుడో ఆగిపోయింది గానీ, ఆఫీసు అమ్మాయిల్ని నేనడుగుతాలెండి. ఏమే ఈనిడ్, నువ్విస్తావా?"

"ఇస్తాను," అంది ఈనిడ్, చెవులదాకా ఎర్రబడి.

సీసాల మీద పేర్లు లేవు, అంకెలే. తన అంకె మాత్రం ఈనిడ్‌కు తెలుసు. వాటిలోంచి సారం తీసి ఈనిడే ఒక్కొక్కటీ పరీక్షించింది. కొందరి చుక్కకు పుల్ల కాస్త కదిలి ఊరుకుంది. తన చుక్క పడగానే అమాంతం లేచింది. దిగింది. ఊపిరి తీసుకునేలోగా మళ్లీ లేచింది. ఆ వరస ఈనిడ్‌కు బాగా తెలుసు.

"ఎవరో గానీ పాపం," అన్నాడు వెనక నుంచి ఒలెరెన్‌షా. "ఆ మనిషి అసలు నిలబడగలుగుతోందా?"

"నిలబడే ఉంది సార్. అది నాదే."

ఆయన స్టూలు లాగి ఆమెకిచ్చాడు.

"ఇది నరాలు కాదు కదా సార్?"

"నువ్వేం ఊహించుకుంటున్నావో ఈ కండరానికేం తెలుసమ్మా?"

ఈనిడ్ నవ్వింది. ఏడుపూ వచ్చింది గానీ, నవ్వే గెలిచింది.

తర్వాతి వారాల్లో ఆసుపత్రి ఆపరేషన్లలో తీసిన పొర ముక్కలు కూడా చూశారు. నెల మధ్యలో తీసినవాటితో పుల్ల కదిలీ కదలనట్టుంది. నెలసరి ముంగిట తీసినవి పుల్లను ఎగరేశాయి. అంటే పొర దాన్ని నెలంతా దాచుకోవడం లేదు, రాలే రోజులు దగ్గరపడ్డాకే తయారుచేసుకుంటోంది. స్వీడన్‌వాళ్లు పొట్టేళ్ల గ్రంథుల్లో చూసిన, కండరాన్ని ముడిచే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాల బాపతే అయ్యుంటుందని ఒలెరెన్‌షా సంబరపడ్డాడు.

ఆయన్ని అడిగి, తన చుక్క గీసిన గీతలు చెరిగిపోకుండా వార్నిష్ పూసిన ఆ మసి కాగితాన్ని ఈనిడ్ ఇంటికి తెచ్చింది. బంగాళాదుంపలు వేయిస్తున్న అమ్మ చేతులు తుడుచుకుని దాన్ని దీపం దగ్గర పట్టుకుంది.

"ఇది నీ కడుపులోదేనా?"

"అవునమ్మా."

"నాకూ ఇలాగే వచ్చేదే. కత్తులకు మెరుగుపెట్టే కార్ఖానాలో చక్రం ముందు నిలబడి, ఏప్రన్ అంచు పళ్లతో కరిచిపట్టుకునేదాన్ని. ఇంట్లో చెబితే అంతా నీ భ్రమ అనేవాళ్లు."

"మరెలా నెట్టుకొచ్చావ్?"

"పక్క చక్రం దగ్గర ఫ్లోరీ, దాని అవతల ఇంకొందరు ఆడపిల్లలు ఉండేవాళ్లు. నేను పెట్టెల వెనక కూలబడితే అందరూ కలిసి గొంతెత్తి పాడేవాళ్లు, మేస్త్రీకి అనుమానం రాకుండా. ఆయనేమో మేం మహా హుషారుగా ఉన్నామనుకునేవాడు, సన్నాసి!"

అమ్మ పకపకా నవ్వింది. వాళ్లు పాడిన బూతు పాటలు ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంటూ ఇద్దరూ బంగాళాదుంపలన్నీ మూకుడులోంచే తినేశారు.