మింగని టీ

మా ఆయన టీ తాగడు, ఉమ్ముతాడు. ఎగతాళికి అనడం లేదు, ఆయన ఉద్యోగమే అది. కంపెనీలో పొడవాటి బల్ల మీద తెల్ల కప్పులు బారులు తీరి ఉంటాయి. ఒక్కో కప్పులో ఒక్కో తోట సరుకు, పాలూ చక్కెరా లేకుండా. ఈయన చెంచాతో తీసుకుని సర్రున పీలుస్తాడు, నోట్లో ఒకసారి తిప్పుతాడు, పక్కనున్న తొట్టిలో ఉమ్ముతాడు, "బాగుంది" అనో "పనికిరాదు" అనో ఒక మాట విసిరి తర్వాతి కప్పుకి వెళ్ళిపోతాడు. గుమాస్తా ఆ మాట రాసుకునేలోపే ఇంకో రెండు కప్పులు దాటేస్తాడు. అంత వేగం ఇంకెవరికీ లేదని ఆయనకి మహా గర్వం.

పెళ్ళయిన కొత్తలో నేను మొదటిసారి టీ ఇస్తే, ఒక గుక్క పీల్చి, నోట్లో తిప్పి, తిన్నగా వెళ్ళి సింకులో ఉమ్మేసి, "నీళ్ళు మరీ మరిగించావు" అన్నాడు. నేను స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. "వాడంతేనమ్మా, పసితనంలో పాలు కూడా అలాగే కక్కేవాడు" అని మా అత్తగారు ఓదార్చారు. అప్పటినుంచీ నాకు ఒకటే కోరిక. ఈ మనిషి నా ఎదురుగా కూర్చుని, ఒక్క కప్పు టీ నిదానంగా మింగుతుంటే చూడాలి.

ఆ ముచ్చట తీరలేదు సరికదా, ఈ వారం ఇల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆయన "బాగుంది" అన్న సరుకు వెనక్కి వచ్చింది. తాగినవాళ్ళు పొగ వాసన అన్నారట. కంపెనీ పెద్దాయన పిలిచి, "శుక్రవారం మళ్ళీ బల్ల వేయిస్తా. కప్పుల్లో ఆ సరుకూ ఉంటుంది. పట్టుకున్నావా, నీ చోటు నీది. లేదంటే గోదాములో బస్తాలు చూసుకుందువుగాని" అన్నాడట.

ఆ మాట నాకు చెప్పేటప్పుడు కూడా ఆయన కూర్చోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు, తలుపు దగ్గరికి వచ్చాడు, నా కుట్టుమిషన్ చక్రాన్ని ఊరికే ఒకసారి తిప్పాడు.

"నా నాలుక పోయిందేమోనే," అన్నాడు.

ఆ నాలుక తప్ప ఆయనకి ఇంకేం వచ్చు? మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే మనిషి.

గురువారం సెలవు పెట్టాడు. వెనక్కి వచ్చిన సరుకులోంచి ఒక పొట్లం తెచ్చాడు. ఇంట్లో ఉన్న కప్పులన్నీ, చివరికి పళ్ళు తోముకునే గ్లాసు కూడా, వంటగది గట్టు ఎక్కాయి. ఒక కప్పులో ఆ పొట్లంలోదీ, మిగతావాటిలో ఇంట్లో పొడీ వేసి నేను నీళ్ళు కాచి పోస్తాను, ఆయన అటు తిరిగి నిలబడతాడు, నేను కప్పులు తారుమారు చేస్తాను. ఆయన సర్రున పీల్చి, సింకులో ఉమ్మి, "ఇదీ!" అంటాడు. కాదు. "అయితే ఇదీ!" కాదు. మళ్ళీ కాచడం, మళ్ళీ పోయడం. ఇంట్లో ఉన్న మంచి టీపొడి అంతా సింకు పాలయింది. మధ్యలో నేను పరుగెత్తి మిషన్ మీద నాలుగు కుట్లు వేసి వస్తున్నాను. సాయంత్రానికి ఇవ్వాల్సిన బట్టలు అలాగే ఉన్నాయి.

"కాస్త కూర్చోండి. కాళ్ళతో రుచి చూస్తారా ఏంటి?" అన్నాను.

"కూర్చుంటే రేపు గోదాములోనే కూర్చోవాలి. నువ్వు కప్పులు మార్చు."

మార్చాను. పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. మంట రెండుసార్లు ఎగిరి ఆరిపోయింది. గ్యాస్ అయిపోయింది. ఫోన్ చేస్తే బండి వచ్చేసరికి చీకటి పడుతుందన్నారు.

ఆయన సిలిండర్ని కదిపి చూశాడు. వంచి చూశాడు. దాన్ని ఒక తిట్టు తిట్టాడు. ఇక చెయ్యడానికి ఏమీ లేక స్టూలు లాక్కుని కూలబడ్డాడు. గట్టు మీద కప్పులు చల్లారిపోతున్నాయి. దేన్నీ చూడకుండా ఒక కప్పు తీసుకున్నాడు. చెంచా లేదు, పీల్చడం లేదు. మామూలు మనుషుల్లా తాగి, మింగేశాడు.

నేను గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

కాసేపు ఏమీ కాలేదు. ఆయన గోడవైపు చూస్తున్నాడు. తర్వాత నెమ్మదిగా ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"వచ్చింది," అన్నాడు.

"ఎవరు? గ్యాసా?"

"పొగ! నోట్లో లేదే. మింగాక, కొంచెం ఆగితే, గొంతులోంచి వెనక్కి వస్తోంది. ఇన్నాళ్ళూ అది వచ్చేలోపే నేను పక్క కప్పుకి పోతున్నా."

అన్నిటినీ అలాగే తాగాడు. మింగడం, ఆగడం. ఈసారి తప్పు పోలేదు.

శుక్రవారం నేను ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాను. ఆయన మధ్యాహ్నమే వచ్చేశాడు. చెప్పులు విడుస్తూనే చెప్పాడు. మొదటి కప్పు మింగగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారట. పెద్దాయన గడియారం వైపు, ఈయన వైపు మార్చి మార్చి చూశాడట. అందరూ విసిగిపోయాక ఒక కప్పు ముందు ఆగి, "ఇదీ" అన్నాడట. అదే.

"చోటు మిగిలింది," అన్నాడు. "కానీ బల్ల చివర. నీ నత్తనడకకి అదే ఎక్కువ అన్నాడు పెద్దాయన."

వేగం పోయినందుకు ఏడుస్తాడనుకున్నాను. ఆయన మాత్రం, "నువ్వు కూర్చో, ఇవాళ టీ నేను పెడతా," అని వంటగదిలోకి వెళ్ళాడు. పాలు పోసి, చక్కెర వేసి, రెండు కప్పులు తెచ్చాడు. ఎదురుగా కూర్చున్నాడు. ఒక గుక్క తాగి మింగాడు. నేను ఇన్నేళ్ళు కోరుకున్నది ఎదురుగా జరుగుతోంది. నాకు నిజంగా సంతోషం వేసింది. వేసిందే కానీ, గుండీలు కుట్టని చొక్కా ఒకటి మిషన్ మీద ఉంది. దాని మనిషి వచ్చే వేళయింది. రోజూ పొయ్యి పక్కన నిలబడి తాగినట్టే గుటగుటా తాగేసి లేచాను.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బ్రహ్మాండం."

"ఏమీ తెలియలేదా?"

"ఏం తెలియాలి? చక్కగా ఉంది."

ఆయన నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే నన్ను ఆపింది.

"మంచి పొడి నిన్ననే అయిపోయింది కదా," అన్నాడు. "ఇది ఆ పొట్లంలోదే."

చేతిలో ఖాళీ కప్పు వైపు చూశాను. బయట ఎవరో తలుపు కొట్టారు, చొక్కా మనిషే అయుంటాడు.

"ఒక్క పది నిమిషాలాగండి!" అని ఇక్కడినుంచే అరిచి, కుర్చీలో కూర్చున్నాను.

"ఇంకా ఉందా?" అని ఆయన్ని అడిగాను.

ఆయన తన కప్పులోంచి సగం నాకు పోశాడు. తాగాను. మింగి, ఆగాను. ఈసారి పొగ వచ్చింది.