తేటనీళ్ళు

అద్దకం మిల్లు వెనక కాలవకు సొంత రంగంటూ లేదు. ఆ రోజు తొట్లలో ఏ రంగు మరిగితే అదే దాని రంగు. ఆ గట్టునే అత్తాకోడళ్ళ కాపురం. అందుకే, మిల్లులో కెమిస్టుగా చేరిన కోడల్ని అత్త దెప్పని రోజు లేదు. "ఇంత చదివి ఆ విషంలోనే చేరావటే!"

కోడలి తమ్ముడిది చమురు శుద్ధి చేసే ఫ్యాక్టరీలో పని. అక్కడ వాడి వాడి సత్తువ పోయిన క్యాటలిస్టు గుళికలు పీపాలకొద్దీ మూలుగుతున్నాయంటే, అవి మిల్లు నీళ్ళలో రంగును విరుస్తాయేమో చూద్దామని ఒక బస్తా తెమ్మంది. వాటిని కొలిమిలో కాల్చి, మెత్తగా నూరి, ఎర్రరంగు నీళ్ళలో కలిపి ఎండలో పెట్టింది. పొద్దు వాలేసరికి పొడి అడుగున పేరుకుంది. పైన నీళ్ళు అద్దంలా తేరాయి. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

యజమాని గ్లాసెత్తి చూసి, "పెద్ద ట్యాంకుల్లో మొదలెట్టేద్దాం" అన్నాడు.

"రంగు విరిగిందంతే సార్. గుళికల్లోని నికెల్, వెనేడియం లాంటి విషలోహాలు నీళ్ళలోకి దిగి ఉండొచ్చు. పరీక్షయ్యేదాకా కాలవలోకి వదలొద్దు."

"కంటికి కనబడని దానికి బెంగెందుకమ్మా?"

ఆయన ఆగలేదు. కాలవ తేటబడింది. ఎన్నడూ అటు పోని మేకలు మూతి పెట్టాయి. ఆడవాళ్ళు బిందెలు ముంచారు. పరీక్షలో ఆమె భయమే నిజమైంది. అప్పటికే పొరుగింటివి రెండు మేకలు కాళ్ళు చాపేశాయి.

ఆమె గట్టు వెంట పరిగెత్తింది. "తాగకండి! అవి మంచినీళ్ళు కావు!"

"ఎర్రగా పారినన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు అరుస్తావేంటి?" అంది మేకలావిడ.

చెప్పి లాభం లేదని తెలిసిపోయింది. తిన్నగా మిల్లుకు వెళ్ళి, శుద్ధికి నిలవుంచిన ఎర్రనీళ్ళ ట్యాంకు వాల్వు తిప్పేసింది. కాలవ నెత్తురు రంగు తిరిగింది. బిందెలు పైకి లేచాయి. గట్టు మీంచి ఎవరో విసిరిన రాయి ఆమె భుజానికి తగిలింది. ఆ పూటే ఉద్యోగం ఊడింది.

ఇంటికొస్తే అత్త వాంతులతో చాపమీద ముడుచుకుపోయి ఉంది.

"అత్తయ్యా, ఆ నీళ్ళు తాగారా?"

"నువ్వు బాగుచేసిన నీళ్ళు కదా తల్లీ... అందరికంటే ముందు నేనే తాగాను."

అత్త బతికింది గానీ మంచం దిగలేదు. మిల్లులోకి కొత్త కెమిస్టు వచ్చాడు. అదే పొడితో కాలవ మళ్ళీ తేటగా పారుతోంది. ఆమె రోజూ దూరాన ఉన్న బోరింగు నుంచి బిందె మోసుకొస్తుంటే, కాలవలో బిందెలు ముంచుకుంటున్న వాళ్ళు ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకుంటారు.