ఆలస్యంగా చేరిన మత్తు

ఆ గ్లాసు కింద పెట్టు ముందు. చూసేవాళ్లు లేని చోట చేస్తే తప్పు తప్పు కాకుండా పోతుందని నీకెవరు చెప్పారు? సొంత ఊళ్లో నోరు కట్టుకుని, పరాయి దేశంలో విప్పుకోవడాన్ని సరదా అంటావా? అలా అనుకున్నవాళ్లలో నువ్వు మొదటివాడివేమీ కాదు. చిత్తూరులో మునిప్రసాద్ కూడా అచ్చం ఇలాగే అనుకున్నాడు. ఆయన సంగతి విను. విన్నాక నీ ఇష్టం.

మునిప్రసాద్‌ది డ్రిప్ పైపుల దుకాణం. బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి తోటల వాళ్లు చాలామంది ఆయన దగ్గరే కొనేవారు. భార్య లోకేశ్వరి ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో నర్సు. వారమంతా ఇద్దరికీ తీరిక ఉండదు. శనివారం స్వామి రోజని మునిప్రసాద్ మందు ముట్టడు. ఆదివారం సాయంత్రం తాగుతాడు. మత్తు లోకేశ్వరికి ఎక్కుతుంది.

పెళ్లయినప్పటి నుంచీ అంతే. ఆయన మిద్దె మీద కూర్చుని బీరు తాగితే, కింద వంటింట్లో ఆమె తల తిరిగి గోడ పట్టుకునేది. రుచి ఇద్దరికీ తెలిసేది, మత్తు మాత్రం ఆమెకే. కొన్ని ఇళ్లలో బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఈ ఇంట్లో ఇలా ఉంటుంది అని వీధిలో వాళ్లు సరిపెట్టుకున్నారు. ఆమె అడిగి మరీ సోమవారం సెలవు పెట్టించుకుంది. ఆ రోజు పక్కింటి తిరుమలమ్మ సంగటి, పులుసు తెచ్చి మంచం పక్కన మూతపెట్టి పోయేది. "ఎంత తాగినా చెదరడప్పా" అని స్నేహితులు మునిప్రసాద్‌ను మెచ్చుకునేవారు. ఆ మెప్పును ఆయన సిగ్గు లేకుండా తీసుకునేవాడు.

ఒక డిసెంబరులో రెండు సంగతులు కలిసి వచ్చాయి. అప్పుడే పుట్టిన బిడ్డల వార్డును లోకేశ్వరికి అప్పగించే మాట నడిచింది. ఆ వార్డు కోసం ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఈ నెలంతా పని చూసి చెప్తానని పెద్ద డాక్టరు పంకజాక్షి అంది. అదే నెలలో, బాగా అమ్మిన డీలర్లను జర్మనీ చూపిస్తామని పైపుల కంపెనీ వాళ్లు కబురు పెట్టారు.

"పోయి రాండి, నేనేం వద్దనను" అంది లోకేశ్వరి. "ఈ నెల మాత్రం ముట్టద్దండి. అరచెయ్యంత బిడ్డలు. నా చెయ్యి వణికితే ఏమైతాది?"

"ముట్టను లోకా."

"ఇట్ల కాదు. చేతిలో చెయ్యేసి చెప్పండి."

వేశాడు.

కంపెనీ వాళ్లు డీలర్లను బాంబర్గ్ అనే ఊళ్లో దించారు. మధ్యాహ్నం కాఫీ వేళ దాటితే చాలు, అక్కడ చీకటి పడుతుంది. చెవులు తెగిపడేంత చలి. ఆ ఊళ్లో వీధికో రకం బీరు. ఎవరిది వాళ్లే తయారు చేసుకుంటారు. సూళ్లూరుపేట డీలరు గిరిని, మునిప్రసాద్‌ను ఒకే గదిలో పెట్టారు.

"ఏమప్పా, ఇంత దూరమొచ్చి కాఫీనా?" అన్నాడు గిరి. "మీ నాయనేమన్నా సూస్తాండాడా ఈడ?"

"ఇంటామెకు మాటిచ్చినా."

"మాట ఈడికెట్ల వస్తాది? దానికి వీసా ఉండాదా? నడిమధ్య సముద్రముండాదబ్బా. నీ మత్తేమన్నా ఈదుకుంటా పోతాదా?"

మునిప్రసాద్ నవ్వాడు. నవ్వినప్పుడే సగం ఒప్పుకున్నట్టు. ఒక చిన్న గ్లాసు తాగి, బయటికి వచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఎట్లుండావు?"

"బాగుండా. చారుకు తిరగమాత పెడతాండా. ఏం, గొంతు అట్లుండాది?"

"చలి."

ఇక ఆయనకు అడ్డు లేకపోయింది. మత్తు అంత దూరం పోదులే అని తేల్చుకున్నాడు. మరునాటి నుంచి గిరితో కలిసి వీధి వీధీ తిరిగాడు. రుచి చూస్తామని అడిగితే, చెక్క పలకకు గుంతలు చేసి, వాటిలో చిన్న చిన్న గ్లాసులు నిలబెట్టి ఇస్తారు. పొగ పట్టినది ఒకటి, అరటిపండు వాసన వేసేది ఒకటి, కాలిన బెల్లంలా నల్లనిది ఒకటి. "దీనికెన్ని మార్కులు?" అని గిరి అడిగితే, మునిప్రసాద్ కళ్లు మూసుకుని, పరీక్ష పేపర్లు దిద్దే అయ్యవారిలా ఆలోచించి చెప్పేవాడు. రోజూ ఇంటికి ఫోన్ చేసి, ఆమె అడగకముందే "ముట్టలేదు" అనేవాడు.

మత్తు సముద్రం దాటింది. కాకపోతే దూరం వల్ల నెమ్మదిగా వచ్చింది.

ఒక మధ్యాహ్నం లోకేశ్వరి నెలలు నిండని ఆడబిడ్డను ఎత్తుకుని పాలు పట్టబోతోంది. పంకజాక్షి పక్క ఉయ్యాల దగ్గర నిలబడి ఉంది. ఉన్నట్టుండి లోకేశ్వరి నాలుక మీద పొగ రుచి తగిలింది. ఆమెకు తెలిసిపోయింది. కాళ్లు తేలకముందే బిడ్డను సిస్టర్ రెబెకా చేతుల్లో పెట్టేసింది. పెట్టాక గోడకు ఆనుకుని నేలమీదికి జారింది.

"ఏందక్కా, ఆయన జర్మనీలో గదా ఉండేది?" అంది రెబెకా.

"ఆడినించే వస్తాండాది రెబెకా. అన్నీ ఒకేసారి వస్తాండాయి." లోకేశ్వరి కళ్లు మూసుకుంది. "ఇదేందో అరటిపండు మాదిరుండాది..."

పంకజాక్షికి ఆ ఇంటి సంగతి తెలియనిది కాదు. మర్నాడు లోకేశ్వరిని గదికి పిలిపించింది.

"తాగింది నువ్వు కాదు లోకేశ్వరీ, నాకు తెలుసు. కానీ వణికే చేతులు నీవే గదమ్మా. ఆ చేతుల్లో బిడ్డను ఎట్ల పెట్టేది?"

"అవును మేడం" అంది లోకేశ్వరి. వాదించే ఓపిక లేదు. వాదించడానికి డాక్టరు మాటలో తప్పూ లేదు.

ఆమెను బయటి రోగులకు చీట్లిచ్చే కిటికీకి మార్చారు. అక్కడ తలుపులు తెరవకముందే వరస గేటు దాటి ఉంటుంది.

మునిప్రసాద్ తిరిగొస్తూ చాక్లెట్లు, ఒక ఉన్ని టోపీ తెచ్చాడు.

"తాగినారా?" అని అడిగింది లోకేశ్వరి.

"ఒట్టు లోకా. కాఫీ తప్ప ఇంకోటి..."

"మొదటిది పొగచూరిన నీళ్ల మాదిరుండె. రెండోది అరటిపండు, దాంట్లో రవ్వంత లవంగం. నల్లది బాగుండె. ఆఖరిది మాత్రం యాపాకు చేదు. అది మీకూ నచ్చలా. సగంలో పెట్టేసినారు."

మునిప్రసాద్ తల వంచుకున్నాడు. ఆమె అరుస్తుందని చూశాడు, ఏడుస్తుందని చూశాడు. ఆమె టోపీని మడిచి అలమరలో పెట్టి, "వార్డు పోయిందండి. అలిసిపోయినా, పండుకుంటా" అని లోపలికి పోయింది.

తెల్లవారి ఆయన చెంబుడు నీళ్లు తాగాడు. దప్పిక తీరలేదు. ఇంకో చెంబు తాగాడు. కడుపు నిండింది, గొంతు మాత్రం ఎండిపోయే ఉంది. మజ్జిగ తాగాడు, టెంకాయ నీళ్లు తాగాడు. అక్కడ కిటికీ దగ్గర లోకేశ్వరికి ఆ రోజంతా దప్పిక అన్నదే కాలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి అలవాటు కొద్దీ గ్లాసెడు నీళ్లు తాగింది. అప్పుడు తడిసింది మునిప్రసాద్ గొంతు.

రెండు మూడు రోజులు ఇలాగే నడిచాక ఆయన తిరుమలమ్మకు చెప్పుకున్నాడు. ఆమె వక్కాకు నములుతూ వింది.

"ఇన్నాళ్లూ నీ మందు ఆమెకు పోలా? ఇప్పుడు నీళ్లూ పోతాండాయి. ఆమె తాగితేనే నీకు తడి. నువ్వు తాగితే ఆమెకు దప్పి కాదు. దప్పి కాకపోతే ఆమె తాగదు, నువ్వు ఎండతావు. నోరు కట్టుకో నాయనా, అంతే."

ఆయన నోరు కట్టుకున్నాడు. బీరే కాదు, కాఫీ మానేశాడు, మజ్జిగ మానేశాడు. చేతిలో చెయ్యేసి చెప్పమని ఈసారి ఎవరూ అడగలేదు.

ఎండలు వచ్చాయి. పైపులు అమ్ముడయ్యే కాలం. అయినా దుకాణాన్ని పనివాళ్ల మీద వదిలి, నీళ్ల సీసా పట్టుకుని ఆసుపత్రికి పోయేవాడు. "వరసలో రాప్పా" అని వాచ్‌మన్ వెనక్కి పంపేవాడు. జ్వరాల వాళ్ల మధ్య, చంటిబిడ్డల తల్లుల మధ్య నిలబడి కిటికీ దాకా వచ్చేవాడు.

"లోకా, ఒక్క గుక్క."

"పెట్టిపోండి. తాగుతా."

అబద్ధం కాదు, తాగుదామనే అనేది. అంతలో వెనక ముసలాయన చెయ్యి చాపేవాడు, ఆయన వెనక ఇంకొకామె. సీసా మూత తియ్యకుండానే ఆమె మోచేతి పక్కన ఉండిపోయేది. ఆమెకు కక్ష లేదు. దప్పిక వేసినా పనిలో పడి గుర్తుండేది కాదు, అంతే. బిడ్డల వార్డులో అయితే పాలు పట్టాక కాసేపు కూర్చునే తీరిక దొరికేది. ఈ కిటికీ దగ్గర దొరకదు. ఇక్కడికి ఆమెను పంపింది ఆయనే.

నాలుక అంగిలికి అతుక్కుపోయి, గోడవారగా ఎండలో నిలబడి మునిప్రసాద్ ఆ సీసా వంకే చూసేవాడు. ఆ వేసవిలోనూ, తర్వాత వచ్చిన ప్రతి వేసవిలోనూ, ఆ వరస ఎప్పుడు తగ్గితే అప్పుడే ఆయన దప్పిక తీరేది.